గాలిమర చెప్పిన చావు కబురు

దగ్గరికి రండర్రా. ఇంకా దగ్గరికి. చెక్క జోళ్ళు గుమ్మం అవతల విప్పేసి, ఆ పిల్లిని లేపకుండా ఇటు జరిగి కూర్చోండి. చేతులు ఊరికే ఉండలేకపోతే ఈ ఊలు ఉండ చుట్టండి, చెవులు మాత్రం ఇటు పడేయండి. ఇది మన కాలవగట్టు చివరనున్న గాలిమర కథ, ఆ మర ఇంటి ఇల్లాలు ఆఫ్కె కథ. బతికున్న కన్నకొడుకుని ఒక పూట చచ్చినవాళ్ళలో కలిపి, ముక్కూ మొహం తెలియని ఇంకో తల్లి కొడుకుని ఒడ్డున పడేసిన మనిషి ఆఫ్కె.

అది యుద్ధంలో జర్మన్లు మన ఫ్రీస్‌లాండ్ నెత్తిమీద కూర్చున్న కాలం. ఆఫ్కె మొగుడు హిద్దె గాలిమర నడిపేవాడు. ఆ మర తిరిగి, అడుగునున్న చెక్క తోడుమర పల్లపు కాలవలోని నీళ్ళని పై కాలవలోకి ఎత్తిపోస్తేనే మన పొలాలు పొలాల్లా ఉండేది. హిద్దెకి మాటలు బహు పొదుపు. పెళ్ళినాడు పాస్టరు అడిగినప్పుడు "ఊఁ" అన్నవాడు, ఆ తర్వాత అంత పెద్ద మాట మళ్ళీ ఆడలేదని ఆఫ్కె ఊరంతా చెప్పుకుని నవ్వేది. ఆయన మాట్లాడాల్సిందంతా మర రెక్కలే మాట్లాడేవి.

రెక్కల మాటలు మన ఊళ్ళో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. మర ఆపేటప్పుడు ఒక రెక్క నిట్టనిలువుగా పైకి చేరుకోబోతూ ఉండగా, కాస్త ఇవతలే ఆపితే ఆ ఇంట్లో సంతోషం. పెళ్ళో, పురుడో. అదే నిలువు దాటి అవతలికి వాలాక ఆపితే ఆ ఇంట్లో చావు. రెండింటికీ మధ్య తేడా చూడబోతే మూరెడు కూడా ఉండదు. చర్చి గంటని జర్మన్లు ఫిరంగుల కోసం కరిగించడానికి మోసుకుపోయాక ఊరికి గంటా అదే, కబురూ అదే. పొద్దున్న లేచి ఆవుల పాలు పితకడానికి పోయే ప్రతివాళ్ళూ ముందు ఒకసారి మర వైపు చూసేవాళ్ళు.

ఆఫ్కెకి ఒక్కడే కొడుకు, వీబె. పశువుల సంతకని వెళ్ళినవాణ్ణి పట్టి లారీ ఎక్కించి, బ్రేమెన్ పట్నంలో ఏదో కర్మాగారంలో పనికి తోలేశారు. శీతాకాలం మొదట్లో ఓ కబురు వచ్చింది, బాగానే ఉన్నాడని. అంతే. ఆ తర్వాత వాడున్నాడో లేడో చెప్పే నాథుడు లేడు.

ఇక ఆఫ్కె బాధ ఏమిటంటారా? మబ్బు లేని పగలు వచ్చిందంటే చాలు, పడమటి సముద్రం మీంచి అమెరికా బాంబర్లు బారులు తీరి వచ్చేవి. మన ఊరి మీదుగానే తూర్పుకి, జర్మనీకి. ఊరి జనం గట్టెక్కి కనపడీ కనపడకుండా చేతిరుమాళ్ళు ఊపేవాళ్ళు. ఆఫ్కె కూడా పిండి చేతులు పావడాకి తుడుచుకుంటూ బయటికొచ్చేది. "వెళ్ళండి నాయనా, తొందరగా ముగించండి" అని మనసు ఒక పక్క దణ్ణం పెట్టేది. రెండో పక్క నుంచి "బ్రేమెన్ మీద మాత్రం కాదు నాయనా, అక్కడ నా పిల్లాడున్నాడు" అని ఇంకో దణ్ణం. రెండు దణ్ణాలూ దారిలో ఒకదానికొకటి అడ్డుపడేవేమో, దేవుడి దాకా ఏది చేరిందో ఆమెకెప్పుడూ తెలిసేది కాదు.

ఆ రోజు వసంతం ఎండ. పచ్చికలో తీతువు పిట్టలు గుడ్లు పెట్టే రోజులు. ఆఫ్కె బుట్ట ఒక చేత, హిద్దె గెంతుకర్ర ఒక చేత పట్టుకుని గుడ్లు ఏరడానికి బయల్దేరింది. మన గెంతుకర్ర తెలుసుగా, అడుగున చెక్కబిళ్ళ ఉంటుంది బురదలో దిగబడకుండా. కర్ర కాలవ మధ్యలో పొడవడం, దాన్ని పట్టుకుని అవతలి గట్టుకి ఊగడం. యాభై దాటినా ఆఫ్కె పావడా నడుంలో దోపి కొంగలా గెంతేది.

ముందు ఆ చప్పుడు చెవికి కాదు, పొట్టకి తెలిసింది. ఇంట్లో ఉండుంటే బీరువాలో పింగాణీ కప్పులు గలగలమనేవి. తలెత్తి చూసింది. ఎంత ఎత్తునో వెండి గింజలు చల్లినట్టు బాంబర్లు, వాటి వెనక తెల్లటి చారలు. లేవార్డెన్ విమానాల మైదానంలోంచి జర్మన్ ఫైటర్లు తుట్టె కదిపిన కందిరీగల్లా లేచాయి. ఆకాశంలో టపటపమని, ఎవరో దూరంగా ఎండిన చిక్కుళ్ళు దులుపుతున్నట్టు. వెండి గింజల్లో ఒకటి నల్లటి పొగ కక్కుతూ వరస తప్పింది. వంగింది. ముక్కలైంది. ఆ ముక్కల్లోంచి తెల్లటి పారాచూట్ గొడుగులు ఒకటి, ఇంకొకటి. ఆ గొడవలోనే ఒక ఫైటర్ కూడా పొగతో కుంటుకుంటూ కిందికొచ్చి, రెల్లు పడవ నడిపే ఫోప్పె పెద్దాయన పచ్చిక అవతల పొట్టమీద జారి ఆగింది.

ఒక గొడుగు మాత్రం గాలికి కొట్టుకొస్తూ, కొట్టుకొస్తూ, తిన్నగా మర కిందికి పారే పల్లపు కాలవలో పడింది.

గుడ్ల బుట్ట ఎక్కడ పెట్టిందో ఆఫ్కెకి ఆ తర్వాత ఎన్నడూ గుర్తు రాలేదు. రెండు కాలవలు గెంతి గట్టు మీదికి చేరేసరికి నీళ్ళలో ఒక తల లేస్తోంది, మునుగుతోంది. మర జోరుగా తిరుగుతోంది. నీళ్ళన్నీ తోడుమర నోట్లోకి పరుగెడుతున్నాయి. వాటితోపాటు ఆ తెల్లటి పట్టు గుడ్డ, దాని తాళ్ళు, ఆ తాళ్ళకి కట్టి ఉన్న మనిషి.

"హిద్దె! బ్రేకు! ఒరే ముసలోడా, బ్రేకు లాగు!"

మొగుణ్ణి 'ఒరే' అనడం ఆమెకి అదే మొదలు, అదే చివర. హిద్దె మర తలుపులోంచి ఒక్క చూపు చూసి బ్రేకు తాడుకి వేలాడబడ్డాడు. మర మూలిగింది, కొయ్య కాలిన వాసన వచ్చింది, రెక్కలు ఆగాయి. ఆఫ్కె గెంతుకర్ర నీళ్ళమీద చాపింది. ఆ కుర్రాడు దాని చివరి చెక్కబిళ్ళని ఒంటి చేత్తో కావలించుకున్నాడు. రెండో చెయ్యి కదలడం లేదు. ఆమె ఇటు లాగింది, హిద్దె నీళ్ళలోకి దిగి తాళ్ళు కోశాడు. ఆ బ్రేకు తాడు తెగలేదు చూశారూ, దాన్ని ఆఫ్కె బతికున్నన్నాళ్ళూ మరలోకి వెళ్ళినప్పుడల్లా ఒకసారి చేత్తో తడిమి నమస్కారం చెప్పేది.

బురదలోంచి వంటింటి దాకా వాణ్ణి నడిపించుకొచ్చారు. మీసం కూడా సరిగా రాని పిల్లాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. తడి బట్టలూ, బొచ్చు బూట్లూ ఊడబెరికి హిద్దె వాటిని పొయ్యిలో కట్టెలకి బదులు కాల్చే ఎండు మట్టిపెళ్ళల గుట్ట అడుగున కుక్కేశాడు. వేసుకోవడానికి ఏమివ్వాలి? ఇంట్లో మగవాడి మంచి బట్ట ఒక్కటే ఉంది, వీబె చర్చికి వేసుకునే నల్ల సూటు. ఆఫ్కె పెట్టె మూత తీసి ఒక క్షణం ఆగింది. తర్వాత తీసి ఇచ్చింది. చేతులు పొట్టి, నడుం వదులు. నీలం అంచు కప్పులో మజ్జిగ పోసి నోటికందించింది. వాడు తాగి, గుండెమీద తట్టుకుని, "ఓరిన్" అన్నాడు. ఆమె తన గుండెమీద తట్టుకుని, "ఆఫ్కె. తాగు. ఇంకా తాగు. అడుగున వదలకు" అంది. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ అడుగున వదల్లేదు.

జర్మన్లు వస్తారు, అది తెలుసు. గొడుగు దిగడం లోకమంతా చూసింది. వాణ్ణి ఫోప్పె పడవలో రెల్లు కింద పెట్టి దాటించాలి, దానికి ముందు ఫోప్పెకి కబురు పంపాలి. ఎలాగా అని ఆఫ్కె కిటికీలోంచి చూసేసరికి, ఫోప్పె పెద్దాయన తనే వస్తున్నాడు. ఒక్కడు కాదు. వెనక రిన్‌స్కె, ఆమె వెనక పాలకేంద్రం వాళ్ళు, వాళ్ళ వెనక సగం ఊరు. అందరూ నల్ల బట్టల్లో. ఆడవాళ్ళ చేతుల్లో గుడ్డ కప్పిన పళ్ళేలు. మగవాళ్ళ టోపీలు చేతుల్లో.

"ఎవరు పోయారబ్బా? ఇటు వైపు వస్తున్నారేంటి?" అంది ఆఫ్కె.

హిద్దె మెల్లగా వేలు పైకి చూపించాడు.

ఆమె గుమ్మంలోకొచ్చి తలెత్తింది. రెక్క నిలువు దాటి అవతలికి వాలి ఆగి ఉంది. కంగారులో లాగిన బ్రేకు, ఎక్కడ ఆగితే అక్కడే ఆగిన మర. ఊరంతటికీ కనపడేలా, తన ఇల్లే, తన మొగుడి చేత్తోనే, చావు కబురు చెప్పేసింది. ఆ ఇంట్లో పోవడానికి ఇంకెవరున్నారు? ఒక్కడే.

ఆఫ్కె మొగుడి చెయ్యి పట్టి లాగింది. "మార్చు! తిప్పు దాన్ని! నా పిల్లాడు బతికున్నాడు, వాడి పేరున అలా పెట్టకు!"

"పట్టు గుడ్డ తోడుమరకి చుట్టుకుపోయింది. కదలదు" అన్నాడు హిద్దె. ఆయన జన్మలో అదే పెద్ద ఉపన్యాసం.

ఈలోగా రిన్‌స్కె వచ్చి ఆమెని వాటేసుకుంది. రిన్‌స్కె పక్క పొలం మనిషి, గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. "అక్కా, నా తల్లీ! నేను చెప్పలేదటే, ఆ పట్నం వాడికి అచ్చిరాదని! నా చేతులమీద పెరిగిన పిల్లాడే!" అని వెక్కిళ్ళు పెడుతోంది. ఆఫ్కె "కాదే, పిచ్చిదానా, వాడు పోలేదు" అనడానికి నోరు తెరిచింది. రిన్‌స్కె భుజం మీంచి చూపు గట్టు మీదికి పోయింది. వంతెన దగ్గర, సైకిళ్ళమీద జర్మన్ సైనికులు.

నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ఇప్పుడు చెప్పేస్తే ఏమవుతుంది? నవ్వుకుని జనం ఇళ్ళకి పోతారు. మర ఇంట్లో ముగ్గురు మిగులుతారు. ముగ్గురిలో ఒకణ్ణి గుర్తుపట్టడానికి గుడ్డివాడు చాలు. చెప్పకపోతే? బతికున్న కొడుకు చావుకి తనే తలాడించినట్టు. దేవుడు వింటే? విని, సరేలే ఆఫ్కె ఒప్పేసుకుంది కదా అనుకుంటే? వెనక్కి తిరిగి చూసింది. పొయ్యి దగ్గర బల్లమీద, వీబె సూటులో, ఓరిన్ కప్పుని రెండు మోకాళ్ళ మధ్య పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. వీడికీ ఉంటుంది గదా ఒక తల్లి, ఏదో ఊళ్ళో, పిండి చేతులు తుడుచుకుంటూ.

"రండి, లోపలికి రండి. అందరూ రండి" అంది ఆఫ్కె.

చెక్క జోళ్ళు గుమ్మంలో గుట్టపడ్డాయి. ముందు అడుగుపెట్టింది ఫోప్పె పెద్దాయన. బల్లమీది కుర్రాణ్ణి చూశాడు. ఆ సూటు ఊళ్ళో ఎవరికి తెలియదు? దాని మూడో గుండీ కుట్టింది రిన్‌స్కెయే. ఆ ఇంటికి ఉన్న చుట్టాలెవరో, లేనిదెవరో కూడా అందరికీ తెలుసు.

రిన్‌స్కె ఆఫ్కె చెవిలో బుసకొట్టింది. "అక్కా, ఆ బాంబుల వల్లేగా మనవాడు... ఆ బాంబులు మోసేవాణ్ణి తెచ్చి వాడి బట్టల్లో..."

"కూర్చో రిన్‌స్కె."

"నీ గుండె రాయా, ఏంటే?"

"కూర్చోవే. వాడి పక్కన కూర్చో."

రిన్‌స్కె ఆమె మొహంలోకి చూసింది. ఏం కనపడిందో ఏమో. ఆ లోపే ఫోప్పె కదిలాడు. బల్ల దగ్గరికి పోయి, ఓరిన్‌ని మోచేత్తో పొడిచి, "జరుగు బాబూ, ముసలాడికి చోటివ్వు" అని పక్కన కూలబడ్డాడు. రిన్‌స్కె ముక్కు చీది రెండో పక్క కూర్చుంది. తర్వాత ఒకరి వెనక ఒకరు, గోడ పొడుగునా. ఆ ఇంటి కొడుకుని ఆ బాంబులే చంపాయని నమ్ముతూ కూడా ఒక్కరూ వెనక్కి తిరగలేదు, ఒక్కరూ నోరు విప్పలేదు. ఎవరెవరికి ఎంత రుణపడిందో ఆఫ్కెకి ఆ క్షణంలో తెలిసింది.

సైనికుల కంటే ముందు తలుపు తట్టింది ఇంకొకడు. ఆ పడిపోయిన ఫైటర్‌వాడు. కనుబొమలు కాలిపోయాయి, తోలు కోటు ఒక పక్క మసి, బొచ్చు బూట్లు మోకాళ్ళ దాకా బురద. వాడూ కుర్రాడే. టెలిఫోన్ ఉందా అని అడిగాడు. లేదన్నారు. లోపలికి అడుగేయబోయాడు.

"ఆగక్కడ! బూట్లు!" అని రిన్‌స్కె లేచి గదమాయించింది. "చావింట్లోకి ఆ బురదతోనా? మీ అమ్మ నీకేమీ నేర్పలేదా?"

గదమాయించింది ఎవర్ననుకున్నారు? నడుముకి తుపాకీ ఉన్న జర్మన్ ఆఫీసరు. వాడు ఒక క్షణం నిలబడి, తర్వాత వంగి, బూట్లు లాగేసి, చెక్క జోళ్ళ పక్కన బుద్ధిగా జత చేసి పెట్టాడు. వేలు బయటికొచ్చిన మేజోళ్ళతో లోపలికొచ్చాడు. చోటెక్కడుంది? గదిలో ఉన్న ఖాళీ అదొక్కటే, రిన్‌స్కె లేచిన చోట, ఓరిన్ పక్కన కూర్చున్నాడు.

ఆఫ్కెకి ఏం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు చేతులు చేసే పనే చేశాయి. నీలం అంచు కప్పు కడిగి, మజ్జిగ పోసి, వాడికిచ్చింది. వాడి చేతులు ఎంత వణికాయంటే సగం మజ్జిగ ఒళ్ళో పడింది. ఓరిన్ ఏ ధ్యాసలో ఉన్నాడో, బాగున్న చెయ్యి చాపి కప్పు అడుగు పట్టాడు, ఒలకకుండా. ఇద్దరి దగ్గరా ఒకే వాసన, పెట్రోలు, కాలిన రబ్బరు.

"ఎవరు?" అని వాడు మెల్లగా ఫోప్పెని అడిగాడు.

"ఈ ఇంటి కొడుకు" అన్నాడు ఫోప్పె ఎదురుగోడకేసి చూస్తూ. "బ్రేమెన్‌లో. మీవాళ్ళు పనికి తీసుకుపోయారుగా. బాంబులు పడ్డాయి."

"బ్రేమెన్" అన్నాడు వాడు. మజ్జిగ కేసి చూశాడు. "మా అమ్మ అక్కడే ఉంటుంది."

తర్వాత పక్కకి తిరిగి ఓరిన్‌ని చూశాడు. తీరిగ్గా చూశాడు. పొట్టి చేతుల సూటు, వంకరగా వేలాడే భుజం, తడి జుట్టు. చెవి వెనక కాలవ నాచు ఒక పోగు, పచ్చగా, ఆఫ్కె తుడవడం మరిచిపోయింది. వాడు చెయ్యెత్తాడు. ఆఫ్కె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి వాడు ఆ నాచు పోగుని వేళ్ళతో తీసి, నలిపి, ఉండ చేసి, తన కోటు జేబులో వేసుకుంటున్నాడు.

అప్పుడొచ్చారు సైనికులు. సార్జెంటు ఇటీవలే వచ్చినవాడు, మొహాలు తెలియవు. అందర్నీ ఒకసారి చూసి ఆఫ్కె ముందు నిలబడ్డాడు. "ఏమిటీ గుంపు? ఎవరు పోయారు?"

ఫోప్పె చెప్పబోయాడు. "నిన్ను కాదు. ఆవిణ్ణి అడుగుతున్నా."

ఇంతసేపూ ఆఫ్కె ఆ మాట అనలేదర్రా. వాళ్ళు అన్నారు, ఆమె ఊరుకుంది, అంతే. ఆ చిన్న సందులో దేవుడు తనని చూసీ చూడనట్టు పోనిస్తాడని లోపల్లోపల ఒక ఆశ. ఇప్పుడు ఆ సందు మూసుకుపోయింది. గోడకున్న వీబె చిన్నప్పటి గెంతుకర్ర కేసి చూసింది.

"నా కొడుకు" అంది. "వీబె. బ్రేమెన్‌లో పోయాడు."

అని, నిజంగానే కూలిపోయింది. హిద్దె పట్టుకున్నాడు. రిన్‌స్కె పరుగున వచ్చి ఎవరిమీద పడి ఏడవాలో తెలియక, తిన్నగా ఓరిన్ మీద పడింది. విరిగిన భుజం మీద! పాపం ఆ పిల్లాడి కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. సార్జెంటు చూసి, అన్న కోసం ఏడుస్తున్న తమ్ముడనుకున్నాడో ఏమో, చూపు తిప్పేసుకున్నాడు.

కానీ వదల్లేదు. "కాలవ దగ్గర్నించి ఈ గుమ్మం దాకా తడి అడుగులున్నాయి. విమానంవాళ్ళ బొచ్చు బూట్ల అడుగులు. అవెవరివి?"

"నావి" అన్నాడు బల్లమీంచి ఆ ఫైటర్‌వాడు. "అవిగో గుమ్మంలో. పోల్చి చూసుకోండి."

"మీ విమానం అటు పడింది కదండీ. అడుగులు కాలవ వైపు నుంచి..."

"అవును, కాలవగట్టు పట్టుకు నడిచొచ్చాను. ఎగిరొద్దామంటే, చూశావుగా నా విమానం గతి." లేచి నిలబడ్డాడు. "నేను వచ్చినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను సార్జెంట్. ఇక్కడ ఏడుపు తప్ప ఏమీ లేదు. పద, నాకు లేవార్డెన్ చేరాలి."

సైనికులు మరలోకి పోయి పైకీ కిందికీ చూసి, రెల్లు కట్టల్ని పొడిచి వచ్చారు. పట్టు గుడ్డ తోడుమర అడుగున, బురద నీళ్ళలో ఉంది. అక్కడికి దిగాలంటే బట్టలు పాడవుతాయి. దిగలేదు.

ఫైటర్‌వాడు గుమ్మంలో వంగి బూట్లు తొడుక్కుంటున్నాడు. ఆఫ్కె దగ్గరికి పోయింది. ఏం చెప్పగలదు? థాంక్స్ అనకూడదు. వాడి పేరు అడగకూడదు. "మీ అమ్మగారి పేరేంటి బాబూ?" అంది.

వాడు తలెత్తాడు. "హెడ్‌విగ్."

"హెడ్‌విగ్" అని ఆమె ఒకసారి పలికి చూసుకుంది, తప్పు లేకుండా. వాడు వెళ్ళిపోయాడు.

సైకిళ్ళు వంతెన దాటేదాకా ఎవరూ కదల్లేదు. దాటాక ఆఫ్కె గది మధ్యలో నిలబడి, "వీబె పోలేదు. పోయాడని నాకు ఏ కబురూ రాలేదు. కంగారులో బ్రేకు వేస్తే రెక్క అక్కడ ఆగింది" అని చెప్పేసింది.

రిన్‌స్కె మొదట తేరుకుంది.

"ఓసి నీ దుంప తెగ! నెలల తరబడి దాచుకున్న పంచదారంతా పోసి చేసుకున్న రొట్టె మోసుకొచ్చానే! ఏదీ, నా పళ్ళెం ఇటు తే!"

"నేను ఈ కోటులో దూరడానికి మా ఆవిడ వెనక నుంచి మోకాలు పెట్టి నెట్టింది" అన్నాడు ఫోప్పె. "ఇప్పుడు విప్పేదెవరు?"

నవ్వారు. ఏడ్చారు. ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఊగిపోయారు. ఆఫ్కె ఒక్కతే నవ్వలేకపోయింది. "నా నోటితో అన్నాను రిన్‌స్కె. కన్నతల్లి నోటితో. అది ఊరికే పోతుందా?"

రిన్‌స్కె రొట్టె కోస్తున్న కత్తి ఆపింది. "ఏ భాషలో అన్నావ్?"

"ఏంటీ?"

"ఆ సార్జెంటుతో జర్మన్‌లో కదా అన్నావ్? దేవుడితో నువ్వెప్పుడైనా జర్మన్‌లో మాట్లాడావా? ఆయన నీతో ఫ్రీసియన్‌లోనే కదే మాట్లాడేది. అది ఆయన లెక్కలోకి రాదు. తిను."

ఆ మాట పట్టుకునే ఆఫ్కె ఆ ఏడాదంతా బతికింది. సాయంత్రం వెలుగుండగానే ఓరిన్ రెల్లు కట్టల కింద ఫోప్పె పడవలో వెళ్ళిపోయాడు, వీబె సూటుతో సహా. హిద్దె బురదలో దిగి పట్టు గుడ్డ ముక్కలు ముక్కలుగా కోసి తీసి, రెక్కని కదిపాడు. ఆ రోజు మొదలు ఆఫ్కె దణ్ణాలు మూడయ్యాయి. వీబె, ఓరిన్, ఇంకా హెడ్‌విగ్ కొడుకు. విమానాలు తూర్పుకి పోతున్నా, వాటికి ఎదురు లేస్తున్నా, "అందరూ ఇళ్ళకి చేరండి నాయనా" అనే అనేది. ఊళ్ళో కొందరు దెప్పేవాళ్ళు, రెండు వైపులా మొక్కుతావేంటని. "మజ్జిగ ఒక్క కప్పులోనే పోశాను మరి" అనేది.

మరుసటి ఏడు వసంతంలో జర్మన్లు పోయారు. వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. వీబె రాలేదు. ఎండుగడ్డి కోతలు మొదలయ్యాయి. ఇంకా రాలేదు. ఆఫ్కె రెక్కల వైపు చూడ్డమే మానేసింది.

ఒకనాడు గడ్డి తిరగేస్తూ ఉంటే గట్టుమీద ఒక సన్నటి మనిషి. చెప్పుల్లేవు. నడకలో ఎడమకాలు కాస్త ఈడుస్తున్నాడు. ఆ ఎడమకాలు వాడు చిన్నప్పుడు గెంతుకర్ర జారి విరగ్గొట్టుకున్నది. ఆఫ్కె చేతిలో పంగలకర్ర ఎక్కడ పడిందో, ఆ గుడ్ల బుట్టలాగే, మళ్ళీ గుర్తు రాలేదు.

"ఏమ్మా, నన్ను పాతిపెట్టారటగా?" అన్నాడు వీబె, ఆమె చేతుల మధ్య ఊపిరాడక. "వంతెన దగ్గర రిన్‌స్కె పిన్ని నన్ను చూసి కేక పెట్టి, తర్వాత తన రొట్టె బాకీ ఉన్నానని చెప్పింది."

"నీ సూటు కూడా పోయిందిరా."

"ఎక్కడికి?"

"అమెరికా అనుకుంటా."

హిద్దె వచ్చి కొడుకు తల ఒకసారి నిమిరి, మర వైపు నడిచాడు. నడిచాడంటే, పరుగెత్తాడు. రెక్కల్ని నిలువుకి ఇవతల, సంతోషం దగ్గర ఆపాలని. బ్రేకు వేశాడు, రెక్క జారి అవతలికి పోయింది. వదిలి మళ్ళీ తిప్పాడు, మళ్ళీ జారింది. చేతులు వణికితే ఎలా ఆగుతుంది? కింద నుంచి తల్లీ కొడుకులు, "ఇంకాస్త! ఇంకాస్త! ఆఁ, ఇప్పుడు!" అని అరుస్తున్నారు. గట్టుమీద అప్పటికే జనం. చివరికి రెక్క నిలువుకి జానెడు ఇవతల ఆగి, ఒక్కసారి ఒణికి, నిలిచింది. హిద్దె తలుపులోంచి బయటికి తల పెట్టి, "ఊఁ" అన్నాడు.

ఆ చలికాలంలో ఓరిన్ దగ్గర్నించి డబ్బా నిండా కాఫీ గింజలు వచ్చాయి. నాడు చావింట్లో కూర్చున్న వాళ్ళందర్నీ ఆఫ్కె పిలిచింది. రిన్‌స్కె మళ్ళీ రొట్టె చేసింది. వీబె తన కర్మభోజనం తనే కూర్చుని తిన్నాడు. తిని, రొట్టెలో పంచదార తక్కువైందన్నాడు, వీపున ఒకటి తిన్నాడు.

హెడ్‌విగ్ కొడుకు మాత్రం ఎన్నడూ రాలేదు. బతికాడో లేదో ఎవరికీ తెలియలేదు. ఏటా తీతువులు గుడ్లు పెట్టే రోజుల్లో ఆఫ్కె ఆ నీలం అంచు కప్పు నిండా మజ్జిగ పోసి కిటికీలో పెట్టేది. పొద్దుగూకేదాకా చూసి, తనే తాగేది. అడుగున వదిలేది కాదు.

ఇంతేనర్రా. ఆ కప్పు ఇప్పుడు ఆ బీరువాలోనే ఉంది, అంచు కొంచెం పగిలింది, చేతులు పెట్టకండి. నాకు మీరు చెయ్యాల్సింది ఒకటే. ఎప్పుడైనా గట్టుమీద పోతూ రెక్క నిలువుకి ఇటో అటో ఆగి కనపడితే, పక్కనున్న వాళ్ళని ఆపి ఈ సంగతి చెప్పండి. రిన్‌స్కె రొట్టె మరిచిపోయినా సరే, ఫోప్పె కోటు మరిచిపోయినా సరే. బల్లమీద జరిగి చోటిచ్చారు చూశారూ, అది వదలకండి. ఆ కుర్రాడి పేరు మనకి తెలియదు గనక, వాళ్ళమ్మ పేరైనా ఉండనివ్వండి. హెడ్‌విగ్. ఏదీ, ఒకసారి అనండి వింటాను.